పియాజ్జి ఫాదర్ ఊళ్లో వారం రోజులు

డిసెంబర్ 28, మిలాన్ నుంచి పలెర్మో

నాన్నగారికి మిలాన్ చలి పడలేదు. అమలాపురం దగ్గర మా ఊళ్లో ధనుర్మాసంలో కూడా తెల్లవారుజామున చెరువులో మునిగే మనిషి, ఇక్కడికి వచ్చిన పది రోజుల్లో రూమ్ హీటర్ పక్కనుంచి కదల్లేదు. లెక్కల మాస్టారుగా 34 ఏళ్లు చేసి రిటైరయ్యారు. ఊళ్లో ఎవరికి తిథి కావాలన్నా, ముహూర్తం కావాలన్నా ఆయన్నే అడుగుతారు. అలాంటాయన్ని ఊరికే కూర్చోబెట్టడం నాకు కష్టంగా అనిపించి, ఒకరోజు బ్రెరా అబ్జర్వేటరీ మ్యూజియంకి తీసుకెళ్లాను. మా ఆఫీసుకి దగ్గరే. అక్కడ బర్నబా ఒరియానీ అనే ఆయన గురించి చదివాం. చర్చి ఫాదర్, ఖగోళ శాస్త్రవేత్త కూడా. ఆయనకి 1801 జనవరి 24న సిసిలీ దీవిలోని పలెర్మో నుంచి ఇంకో ఫాదర్ రాసిన ఉత్తరం సంగతి తెలియగానే నాన్నగారి మొహం వెలిగింది.

ఆ రెండో ఫాదర్ పేరు జుసెప్పే పియాజ్జి, సెరెస్ అనే గ్రహాన్ని కనిపెట్టినాయన. తోకచుక్క కనిపించిందని అందరికీ చెబుతున్నాననీ, అయితే దాని చుట్టూ మసక లేదనీ, నడక నెమ్మదిగా, నిలకడగా ఉందనీ, అది తోకచుక్క కంటే మేలైనదేదో అయి ఉండొచ్చని తనకి చాలాసార్లు అనిపించిందనీ ఆ ఉత్తరంలో ఉంది. ఈ మాట పదిమందిలో చెప్పడానికి మాత్రం జంకుతున్నానని స్నేహితుడికి రాసుకున్నారు.

"ఆయన చూసిన చోటు ఇప్పటికీ ఉందా అమ్మాయ్?" అని అడిగారు నాన్నగారు.

ఉంది. అందుకే ఈ ప్రయాణం.

విమానంలో రెండు గంటలు కూడా పట్టలేదు. ఒక పక్క సముద్రం, ఒక పక్క రాతికొండ, మధ్యలో రన్‌వే. బయటికి రాగానే నాన్నగారు మంకీ క్యాప్ తీసేసి జేబులో పెట్టుకున్నారు. ఎండ ఉంది. రోడ్డు పక్క పెరళ్లలో నారింజ చెట్లు కాయలతో బరువుగా వంగి ఉన్నాయి. నాకు ఆ క్షణానికి అదే చాలనిపించింది.

రాత్రి తిండి గురించి నేను టెన్షన్ పడ్డాను గానీ అవసరం లేకపోయింది. పలెర్మో వీధుల్లో పనెల్లే అని అమ్ముతారు. శనగపిండిని నీళ్లలో ఉడికించి, గట్టిపడ్డాక పల్చగా బిళ్లలు కోసి, నూనెలో వేయిస్తారు. నువ్వులద్దిన బన్నులో నాలుగైదు బిళ్లలు పెట్టి, నిమ్మకాయ పిండి చేతికిస్తారు. పైన కరకర, లోపల మెత్తన. నాన్నగారు మొదటి ముక్క కొరికి, "కారం ఒక్కటే తక్కువ" అన్నారు. రెండోది అడిగి మరీ తిన్నారు.

డిసెంబర్ 29, కేథడ్రల్ నేల మీద సూర్యుడు

పొద్దున్న క్వాట్రో కాంటి అనే నాలుగు రోడ్ల కూడలి మీదుగా నడిచాం. ఆ మూలనే సాన్ జుసెప్పే చర్చి ఉంది. అది థియాటిన్ అనే మతగురువుల సంఘానిది. పియాజ్జి ఆ సంఘం మనిషే. 1746లో ఇటలీ ఉత్తరపు కొసన, ఆల్ప్స్ కొండల్లో పోంటె అనే పల్లెలో పుట్టారు. చిన్న వయసులోనే సంఘంలో చేరి, సంఘం పంపిన ఊరికల్లా వెళ్లి పాఠాలు చెప్పారు. రవెన్నా, రోమ్, మాల్టా. 1781లో పలెర్మోలో గణితం చెప్పడానికి వచ్చారు. అప్పటికి ఆయనకి ఖగోళ శాస్త్రంలో పేరేమీ లేదు. 1787లో ఖగోళ శాస్త్ర పీఠం ఇచ్చి, అబ్జర్వేటరీ కట్టమన్నారు. నలభై దాటిన వయసులో ఆ విద్య నేర్చుకోవడానికి పారిస్, లండన్ వెళ్లారు. ఈ సంగతి విని నాన్నగారు చర్చి మెట్ల మీద ఆగిపోయారు. "నలభై దాటాకా?" అని మళ్లీ అడిగారు.

కేథడ్రల్‌కి పదకొండున్నరకల్లా చేరాం. మధ్యాహ్నం దాకా ఆగాలని నేనే పట్టుబట్టాను. ఆ చర్చి నేలలో పాలరాళ్ల మధ్య ఒక ఇత్తడి గీత ఉంది, ఉత్తర దక్షిణాలుగా. 1801లో పియాజ్జి వేయించిన గీత. దాని పక్కన పన్నెండు రాశుల బొమ్మలు రంగురాళ్లతో పొదిగారు. పైన ఒక చిన్న గుమ్మటంలో కన్నం ఉంది. అందులోంచి దిగిన ఎండ నేల మీద గుండ్రంగా పడుతుంది. ఆ వెలుగు గీతని దాటిన క్షణమే ఆ ఊరికి అసలు మధ్యాహ్నం.

ఈ గీత అప్పుడు ఎందుకు కావలసి వచ్చిందో చెప్పాలి. ఆ రోజుల్లో సిసిలీలో రోజు సూర్యాస్తమయంతో మొదలయ్యేది. గంటలు అక్కణ్ణుంచి 24 దాకా లెక్కపెట్టేవాళ్లు. అలాంటప్పుడు మధ్యాహ్నం ఒకే గంటకి రాదు. చలికాలంలో 19 దగ్గర, ఎండాకాలంలో 16 దగ్గర పడేది. యూరప్‌లో మిగతా చోట్ల లాగా పన్నెండింటికే మధ్యాహ్నం అని లెక్క మార్చాలంటే, ఆ మధ్యాహ్నాన్ని జనానికి కళ్లెదుట చూపించాలి. పియాజ్జి దాన్ని జనం రోజూ వచ్చే చోట, చర్చి నేల మీద చూపించారు.

"మనం సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కపెట్టినట్టే వీళ్లు అస్తమయం నుంచి లెక్కపెట్టారన్నమాట" అన్నారు నాన్నగారు. ఆయనకి ఇందులో వింతేమీ కనిపించలేదు. వింత ఇంకోచోట కనిపించింది.

చలికాలంలో సూర్యుడు కిందుగా ఉంటాడు కాబట్టి వెలుగు కన్నానికి బాగా దూరంగా, గీత ఉత్తరపు కొస వైపు పడుతుంది. అక్కడ ఉన్నది మకరం. వెలుగు మెల్లగా జరుగుతూ వచ్చింది. పల్లెం అంత గుండ్రం, అంచులు మసకగా. దగ్గరగా వంగి చూస్తే అది కదలడం కంటికి తెలుస్తుంది. ఒక రాతి అతుకు మీదుంటుంది, మనం ఊపిరి పీల్చి వదిలేలోగా అతుకు దాటేస్తుంది. 12 గంటల 9 నిమిషాలకి ఇత్తడి గీత మీదికొచ్చింది. పలెర్మో ఇటలీ గడియారం వాడే రేఖకి పడమరగా ఉంది కాబట్టి ఆరున్నర నిమిషాలు, ఏడాదిలో ఈ రోజుల్లో సూర్యుడు వెనకబడేది రెండు నిమిషాలు పైన. నాన్నగారు ఈ లెక్క ముందే కాగితం మీద వేసుకొచ్చారు. సరిపోయేసరికి నా భుజం గట్టిగా పట్టుకున్నారు.

తర్వాత మకరం బొమ్మని చూసి, "మనకి ఇంకా ధనుర్మాసమే కదమ్మా" అన్నారు.

నిజమే. ఇంటి దగ్గర ఆ పొద్దున్నే తిరుప్పావై చదివి ఉంటారు. సంక్రాంతికి ఇంకా పదహారు రోజులుంది. ఇక్కడ రాతిలో మాత్రం సూర్యుడు మకరంలోకి వచ్చి వారం అయింది. మనది నక్షత్రాల్ని బట్టి లెక్కపెట్టే నిరయనం, వీళ్లది విషువత్తుని, అంటే పగలూ రాత్రీ సమానమైనప్పుడు సూర్యుడుండే చోటుని బట్టి లెక్కపెట్టే సాయనం. విషువత్తు 72 ఏళ్లకి ఒక డిగ్రీ చొప్పున వెనక్కి జరుగుతూ వచ్చి, ఇప్పుడు రెండింటికీ మధ్య దాదాపు 24 డిగ్రీల తేడా పడింది. ఇదంతా నేను చిన్నప్పుడు అరుగు మీద విన్నదే. అప్పుడు బుర్రకెక్కలేదు. పలెర్మోలో చర్చి నేల మీద ఒక ఎండ బిళ్లని చూశాక ఎక్కింది.

డిసెంబర్ 30, బురుజు

ఈ రోజు గురించి ఎక్కువ రాస్తాను. మేం వచ్చింది దీనికోసమే.

ఒకప్పుడు సిసిలీని ఏలిన నార్మన్ రాజుల ప్యాలెస్ ఊరికి ఎత్తైన చోట ఉంది. మూల మీద పెద్ద రాతి బురుజు. పియాజ్జి అబ్జర్వేటరీ దాని మీదే. దాన్ని పీసా బురుజు అనీ, శాంతా నిన్ఫా బురుజు అనీ అంటారు. అందరూ వచ్చేది కింద ఉన్న పాలటైన్ చాపెల్ కోసం. మేమూ చూశాం. బంగారు మొజాయిక్ గోడలు, పైన అరబ్బు పనివాళ్ల చెక్క కప్పు. దాని బయట గోడలో ఒక రాతి పలక ఉంది. రోజర్ రాజు 1142లో చేయించిన నీటి గడియారం గురించి లాటిన్, గ్రీకు, అరబ్బీ మూడు భాషల్లోనూ చెక్కారు. గడియారం ఎప్పుడో పోయింది, పలక మిగిలింది. నాన్నగారు దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. మన గడియారం అనే మాట కూడా నీళ్లలో మునిగే ఘటిక నుంచే వచ్చింది కదా.

బురుజు పైకి వెళ్లడానికి ముందే ఉత్తరం రాసి అనుమతి తీసుకున్నాం. మెట్లు చాలా ఉన్నాయి. నాన్నగారికి ఎడమ మోకాలు నొప్పి. మధ్యలో మూడుసార్లు ఆగాం. రెండోసారి ఆగినప్పుడు, ఇంగ్లండ్‌లో హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త పెద్ద టెలిస్కోపు చూడబోయి నిచ్చెన మీంచి పడి పియాజ్జి చెయ్యి విరగ్గొట్టుకున్న సంగతి చెప్పాను. "అయినా ఎక్కడం మానలేదు కదా, పద" అని లేచారు.

పైన గుండ్రటి గదిలో ఉంది రామ్స్‌డెన్ వలయం. 1789లో లండన్‌లో జెస్సీ రామ్స్‌డెన్ చేసిన పరికరం. అప్పటి యూరప్‌లో పరికరాలు చేసేవాళ్లలో ఆయన్ని మించినవాళ్లు లేరు. పని మాత్రం ఎప్పటికీ పూర్తి చేసేవాడు కాదట. పియాజ్జి లండన్‌లోనే ఉండి, వెంటపడి పూర్తి చేయించుకుని సిసిలీకి తెచ్చుకున్నారు. అదే లేకపోతే ఈ కథే లేదు.

అయిదడుగుల ఇత్తడి చక్రం నిలువుగా నిలబడి ఉంటుంది. బండి చక్రానికి ఉన్నట్టే ఆకులు, నడిమి నుంచి అంచుకి. ఆ ఆకుల మధ్యనుంచి టెలిస్కోపు గొట్టం. దాని అద్దం ఏడున్నర సెంటీమీటర్లే, మన అరచేయంత. చూపుకి చిన్నదే, గొప్పదనం చక్రం అంచులో ఉంది. అంచు మొత్తం డిగ్రీలుగా, డిగ్రీలో భాగాలుగా గీతలు. వాటిని చదవడానికి పక్కన సూక్ష్మదర్శినులు బిగించారు. నేను కళ్లద్దాలు తీసి దగ్గరికి వెళ్లి చూశాను. గీతలన్నీ తల వెంట్రుకల్లా సన్నగా, ఒకదానికొకటి తగలకుండా వరసగా ఉన్నాయి. ఎక్కడా ఒక్కటి కూడా వంకర పోలేదు. నక్షత్రం ఎంత ఎత్తులో ఉందో ఈ గీతలు చెబుతాయి, ఆకాశంలో ఉత్తర దక్షిణాలుగా ఉండే మధ్యరేఖని ఎప్పుడు దాటిందో గడియారం చెబుతుంది. ఆ రెండూ తెలిస్తే నక్షత్రం అడ్రస్ తెలిసినట్టే.

పియాజ్జి పెట్టుకున్న పని ఆకాశంలో నక్షత్రాలకి అడ్రస్ పుస్తకం రాయడం. 1803లో అచ్చయిన మొదటి పట్టికలో 6,748 నక్షత్రాలు. 1814 నాటి రెండో పట్టికలో 7,646. ఇక్కడ ఆయన పెట్టుకున్న నియమం ఒకటి నాకు ప్రాణంగా అనిపించింది. ఏ నక్షత్రాన్నీ ఒక్క రాత్రి చూసి వదిలేయలేదు. చూసినదాన్నే మర్నాడు, ఆ మర్నాడు మళ్లీ కొలిచి, కొలతలు కలిశాకే రాసుకున్నారు. చలికాలం రాత్రి, తెరిచిన కప్పు కింద, ఒక సహాయకుణ్ణి పక్కన పెట్టుకుని, వేల నక్షత్రాలకి ఇదే పని. దీపం వెలుతురులో గీతలు చదివి చదివి కళ్లు ఎంత మండి ఉంటాయో.

1801 జనవరి 1. ఫ్రెంచి యుద్ధాల వల్ల నేపుల్స్ వదిలి పారిపోయి వచ్చిన రాజు ఫెర్డినాండ్ అప్పుడు పలెర్మోలోనే ఉన్నాడు. ఆ రాత్రి 8 గంటల 43 నిమిషాలకి వృషభ రాశి వైపు, పాత పట్టికలో ఉన్న ఒక నక్షత్రం కోసం వెతుకుతూ, దానికి కాస్త ముందుగా నడుస్తున్న చిన్న చుక్కని కూడా కొలిచి రాసుకున్నారు. మామూలు కంటికి ఆనదది. 2న అలవాటు ప్రకారం మళ్లీ కొలిచారు. తేడా వచ్చింది. ఎంత? పున్నమి చంద్రుడి వెడల్పులో ఆరో వంతు. ఎవరైనా ముందు తన కొలతే తప్పనుకుంటారు. ఆయనా అదే అనుకున్నారు. 3న చూస్తే ఇంకా జరిగింది. ఇక అనుమానం లేదు. నక్షత్రాలు అలా జరగవు.

అదృష్టం అంటారు చాలామంది. ఆ మాట నాకు నచ్చదు. ఒక్కసారే కొలిచి వదిలేసేవారికి ఆ చుక్క మామూలు నక్షత్రంగానే పట్టికలో ఉండిపోయేది. 2వ తారీఖున మళ్లీ కొలిచినందుకే అది దొరికింది. కుజుడికీ గురుడికీ మధ్య ఖాళీలో ఒక గ్రహం ఉండాలని జర్మనీలో వాన్ సాక్ అనే ఖగోళ శాస్త్రవేత్త 24 మందిని కూడగట్టి ఆకాశాన్ని పంచి ఇస్తున్నారు. ఆ జాబితాలో పియాజ్జి పేరు కూడా ఉంది, కబురు మాత్రం ఇంకా చేరలేదు. ఆ కబురు అందక ముందే, ఆ గ్రహం కోసం వెతకకుండానే, తన పని తాను చేసుకుంటూ ఆయన దాన్ని పట్టుకున్నారు.

గదిలో పియాజ్జి చిత్తరువు ఉంది. ఆకాశం వైపు వేలు చూపిస్తూ ఉంటారు. నాన్నగారు దానికి చేతులు జోడించి దండం పెట్టారు. మమ్మల్ని తీసుకొచ్చిన అమ్మాయి నవ్వకుండా, తనూ తల వంచింది.

ఇదే బురుజు మీద తర్వాతి కాలంలో పియెత్రో టక్కీని అని ఒకాయన పనిచేశారు. శుక్రుడు సూర్యుడి మీదుగా దాటడం చూడ్డానికి 1874లో బెంగాల్ దాకా వచ్చారాయన.

డిసెంబర్ 31, ఎన్నా

పియాజ్జి కొత్త గ్రహానికి సెరెస్ ఫెర్డినాండియా అని పేరు పెట్టారు. రాజు పేరు మిగతా దేశాలు ఒప్పుకోలేదు, సెరెస్ నిలిచింది. సెరెస్ రోమన్ల ధాన్య దేవత, సిసిలీకి ఇలవేల్పు. ఆవిడ గుడి ఒకప్పుడు ఉన్న చోటు ఈ దీవి నడిబొడ్డున ఎన్నా అనే కొండ ఊరు. అక్కడికి వెళ్లకుండా ఎలా?

రైల్లో వెళ్లాం. ఎన్నా స్టేషను లోయలో ఉంటుంది, ఊరు కొండ మీద 900 మీటర్ల పైన. బోర్డు మీద రాసిన బస్సు ఆ రోజు రాలేదు. చలిగాలిలో యాభై నిమిషాలు నిలబడ్డాం. నాన్నగారి వేళ్లు నీలంగా మారడం చూసి నాకు ఏడుపొచ్చింది. చివరికి స్టేషన్ బయట కాఫీ కొట్టు నడిపే పెద్దాయన వేడి పాలు తాగించి, టాక్సీకి ఫోన్ చేశాడు. పాలకి డబ్బు ఇస్తే తీసుకోలేదు.

కోట పక్కన రోక్కా దీ చెరెరే, అంటే సెరెస్ బండ. గుడి లేదు, విగ్రహం లేదు. బండలో తొలిచిన మెట్లున్నాయి. పైకెక్కితే దీవి సగం కనిపిస్తుంది. తూర్పున మంచు కప్పుకున్న ఎట్నా అగ్నిపర్వతం, దాని నెత్తిన పొగ. కింద కొండ వాలుల నిండా అప్పుడే మొలకెత్తిన గోధుమ చేలు, లేతపచ్చగా. రోమ్ నగరానికి ఒకప్పుడు తిండి పెట్టిన నేల ఇది. సెరెస్ కూతుర్ని పాతాళ రాజు ఎత్తుకుపోయింది ఈ కొండ దగ్గర పెర్గూసా చెరువు గట్టునే అంటారు. కూతురి కోసం తల్లి ఏడ్చినంతకాలం భూమి పండలేదట. నాన్నగారు చేల వైపు చూస్తూ, "అన్నపూర్ణ" అన్నారు, అంతే.

అక్కడ కూర్చుని ఆయనకి ఒక సంగతి చెప్పాను. దాచిపెట్టుకున్న సంగతి. 2015లో డాన్ అనే అంతరిక్ష నౌక సెరెస్ చుట్టూ తిరిగి పటాలు తీసింది. వెడల్పు 940 కిలోమీటర్ల దాకా ఉన్న గుండ్రటి ప్రపంచం అది. 2006 నుంచి దాన్ని మరుగుజ్జు గ్రహం అంటున్నారు. దాని మీద గోతులకి లోకంలోని పంట దేవతల పేర్లు, మిగతా వాటికి పంట పండగల పేర్లు పెట్టారు. నాలుగు కిలోమీటర్ల ఎత్తున్న ఒంటరి కొండకి పెట్టింది నాగాలాండ్‌లో సుమీ నాగాల పండగ పేరు, అహునా. వరసగా ఉన్న గుంటల గొలుసు ఒకదానికి పొంగల్ అని పెట్టారు.

"పొంగల్ అంటే మన సంక్రాంతే కదా" అన్నారు.

"అవును నాన్నగారూ."

"మీ అమ్మకి ఫోన్ కలుపు."

బండ మీంచే కలిపాను. అమ్మ మొదట నమ్మలేదు. తర్వాత భోగి పిడకలు ఎండుతున్నాయని చెప్పి, వచ్చేటప్పుడు నాన్నగారి కాళ్లకి మేజోళ్లు మర్చిపోవద్దంది.

జనవరి 1, మొండెల్లో

ఊరంతా నిద్రలో ఉంది. రాత్రి టపాసుల కాగితాలు వీధి నిండా. మధ్యాహ్నం దాకా గదిలోనే ఉండి, సాయంత్రం మొండెల్లో సముద్రపొడ్డుకి వెళ్లాం, ఊరి దీపాల వెలుగు తగ్గుతుందని.

ఆరుగంటలకి పడమట ధనిష్ఠ కనిపించింది. చిన్న నక్షత్రాలు, కళ్లు చికిలించి చూడాలి. ఆ గుంపులో రెండింటికి సువాలోచిన్, రొటానెవ్ అని పేర్లున్నాయి. 1814 పలెర్మో పట్టికలో మొదటిసారి కనిపించాయి. ఇవి ఎక్కడి పేర్లో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. లాటిన్ అక్షరాల్లో వెనకనుంచి ముందుకి చదివితే నికొలావుస్ వెనాటోర్ అని వస్తుంది. పియాజ్జి సహాయకుడు నికొలో కచ్చతోరె పేరుకి అది లాటిన్ రూపం. రెండు భాషల్లోనూ అర్థం వేటగాడు. రాత్రుళ్లు పక్కన నిలబడి లెక్కలు రాసిన మనిషి పేరు ఆకాశంలో ఇలా నిలిచిపోయింది. నాన్నగారిది ధనిష్ఠ నక్షత్రం. తన జన్మ నక్షత్రంలో ఒక అసిస్టెంటు పేరు దాగి ఉందని తెలిసి ఆయన పొందిన ఆనందం ఇంతా అంతా కాదు.

8:43కి కృత్తికలు దాదాపు నడినెత్తికి వచ్చాయి. చెయ్యి చాచి పిడికిలి పడితే, కృత్తికలకి అంతకన్నా కాస్త తక్కువ దూరంలో, కిందగా. 1801లో ఆ చుక్క ఉన్న చోటు అదే. ఇప్పుడక్కడ సెరెస్ లేదు, ఉన్నా కంటికి కనిపించదు. అయినా ఇద్దరం అటే చూస్తూ ఉండిపోయాం.

జనవరి 2, ఓడ మీద

నేపుల్స్‌కి రాత్రి ఓడ. పది గంటలకి పైగా ప్రయాణం.

కేబిన్‌లో నాన్నగారు నోట్‌బుక్ తీసి మిగతా కథ చెప్పమన్నారు. ఆయనకి తెలియంది కాదు, లెక్క రాసుకోవడానికి. పియాజ్జి ఫిబ్రవరి 11 దాకా 24 సార్లు కొలిచారు. జనవరి 11 ప్రాంతంలో ఆ చుక్క వెనకనడక మాని ముందుకి తిరిగింది. "వక్రం వదిలి ఋజుగతిలో పడింది. అక్కడే తెలిసిపోతుంది గ్రహమని" అన్నారు నాన్నగారు. తర్వాత పియాజ్జి జబ్బు పడ్డారు. ఉత్తరాలు బెర్లిన్, మిలాన్ చేరేసరికి వసంతం వచ్చింది. అప్పటికి సెరెస్ సూర్యుడి వెలుగులో పడి కనిపించకుండా పోయింది.

"మూఢం" అన్నారు.

అంతే. మనకి గురు మూఢం, శుక్ర మూఢం ఉన్నట్టు సెరెస్‌కీ మూఢం. ఆ మూఢం విడిచాక ఎక్కడ వెతకాలి? చూసింది 41 రోజులు. ఆకాశంలో నడిచింది నాలుగు డిగ్రీల లోపు. అంత చిన్న ముక్క నుంచి మొత్తం కక్ష్య గీయాలి. జర్మనీలో 24 ఏళ్ల గణితవేత్త కార్ల్ గౌస్ గీశారు. ఆయన చెప్పిన చోట 1801 డిసెంబర్ 31న వాన్ సాక్ చూస్తే ఉంది. మర్నాడే, సరిగ్గా ఏడాది తిరిగేసరికి, ఓల్బర్స్ అనే ఇంకో ఖగోళ శాస్త్రవేత్తకి కూడా కనిపించింది. గౌస్‌కి పేరు రావాల్సిందే, వచ్చింది. కానీ ఆ 24 కొలతల్లో ఏ కొన్నయినా పొరపాటుగా ఉంటే గౌస్ మాత్రం ఏం చేసేవారు? నాన్నగారు ఇదే మాట రెండుసార్లు అన్నారు.

ఎనిమిదిన్నరకి డెక్ మీదికి వెళ్దామన్నారు. గాలి విపరీతంగా ఉంది. వద్దన్నాను. "ఆయన రెండో రోజు చూడబట్టే కదమ్మా" అన్నారు. మఫ్లర్ రెండు చుట్లు చుట్టి తీసుకెళ్లాను. కృత్తికలు అక్కడే ఉన్నాయి.

జనవరి 3, నేపుల్స్

1817లో పియాజ్జిని ఇక్కడికి పిలిచారు, సగంలో ఆగిన కపొదిమొంతె అబ్జర్వేటరీని పూర్తి చేయించమని. 1819కల్లా అయింది. కొండ మీద తెల్లటి భవనం, ముందు స్తంభాలు, ఎదురుగా వెసూవియస్ అగ్నిపర్వతం, కింద ఊరు, సముద్రం. 71 ఏళ్ల వయసులో ఆయన ఈ కొండ ఎక్కారు. అంతకుముందు సిసిలీ తూకాలకీ కొలతలకీ ఒకే పద్ధతి పెట్టే పని కూడా చేశారు, 1812లో ఆ పుస్తకం అచ్చయింది. హంస రాశిలో మామూలుగా కనిపించే 61వ నక్షత్రం మిగతా వాటి కంటే వేగంగా జరుగుతోందని కనిపెట్టిందీ ఆయనే. ఎగిరే నక్షత్రం అంటారు దాన్ని. 1838లో బెసెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఒక నక్షత్రానికి మొదటిసారి దూరం కొలిచింది దాన్ని పట్టుకునే. పియాజ్జి అప్పటికి లేరు. 1826 జులై 22న ఈ నేపుల్స్‌లోనే పోయారు.

సెరెస్ దొరికినప్పుడు రాజు బంగారు పతకం వేయిస్తానంటే, ఆ డబ్బుతో ఇంకో టెలిస్కోపు కొనిపెట్టమన్నారని చెబుతారు. కొండ దిగుతూ ఇది చెబితే, నాన్నగారు చాలాదూరం మాట్లాడకుండా నడిచారు. తర్వాత, "మా స్కూల్లో గ్లోబు కొనమని తొమ్మిదేళ్లు అడిగాను" అన్నారు.

సాయంత్రానికి మబ్బు పట్టింది. ఏడింటికి చినుకులు. హోటల్ గదిలో సూట్‌కేసు సర్దుతూ వెనక్కి చూస్తే నాన్నగారు మంచం మీద లేరు. బాల్కనీ తలుపు తీసి ఉంది. మంకీ క్యాప్ పెట్టుకుని, వాచీ ఉన్న చెయ్యి దీపం వైపు తిప్పి టైము చూసి, మబ్బులోకి తలెత్తి నిలబడి ఉన్నారు. 8:40 అయింది.